దించు అను బావా

మా జక్కమ్మత్త గురించి రాజపాళయంలో పాతవాళ్లను ఎవరిని అడిగినా ఏదో ఒక కథ చెబుతారు. కొండవాడెవడో మందు పెట్టి ఎత్తుకుపోయాడని కొందరు, మతి చెడి తనే కొండెక్కిపోయిందని కొందరు. రెండూ అబద్ధాలే. ఆమె మతి నా మతికన్నా నిలకడైనది. ఇక ఎత్తుకుపోవడానికి ఆమె ఏమన్నా తోపులో రాలిన మామిడిపండా? నేను ఆమె తమ్ముడు బాలకృష్ణన్ కూతురిని. పేరు శివరంజని. సత్రపట్టిలో కాపురం, బ్యాండేజి గుడ్డ నేసే మగ్గాల మోతలో సగం చెవుడు. మిగిలిన సగం చెవితోనే అయినా, ఈ కథను ఊరి నోటి నుంచి కాక ఆ మనుషుల నోటి నుంచే విన్నాను. కాబట్టి చెప్పే హక్కు నాదే అనుకుంటున్నాను.

మా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చింది తమిళం. ఈ అక్షరాలు పెళ్లయ్యాక పంతానికి పోయి నేర్చుకున్నాను. అత్త కథ రాస్తే ఈ అక్షరాల్లోనే రాయాలి. ఎందుకంటే ఈ కథంతా ఒక్క తెలుగు మాట మీద, అదీ తప్పుగా పలికిన మాట మీద నిలబడి ఉంది.

మా పెద్దలు నాయక రాజుల కాలంలో ఎద్దులను తోలుకుని తమిళదేశంలోకి ఇంత దూరం వచ్చారట. మా ఊరు చోళపురం చుట్టూ నల్లరేగడి దున్ని పత్తి వేశారు. అప్పటికే పడమటి కొండల మీద పళియర్లు ఉన్నారు. వాళ్లు గడ్డలు తవ్వుకుంటారు, తేనె తీస్తారు, పొలం గట్లు వాళ్లకు పట్టవు. మేము కింద, వాళ్లు పైన. నడుమ రాజపాళయం రాజుల కులం వాళ్ల మామిడితోపులు. కాయ దిగే నెలల్లో మాత్రం పైవాళ్లు కిందికీ, కిందివాళ్లు పైకీ ఆ తోపుల దాకా వచ్చేవాళ్లు. ఒకరి కుండ ఒకరు ముట్టుకోకుండా, ఒకరి పేరు ఒకరు అడగకుండా తరాలు గడిపేశాం. అదేదో గొప్ప అనుకునేవాళ్లు మాలో ఇంకా ఉన్నారు.

మా తాత ఏటా అయ్యనార్ కోయిల్ దారిలో ఒక తోపును కాయగుత్తకు తీసుకునేవాడు. మా నాన్న పసివాడుగా ఉండగానే నాయనమ్మ పోయింది. అప్పటి నుంచి ఆయన పెరిగింది అక్క చంకలోనే. ఎండాకాలం మొదలవగానే ముగ్గురూ తోపులో పాక వేసుకుని ఉండేవాళ్లు. కాయ కోసే కూలీలకు జక్కమ్మత్త సంగటి వండేది. ఏనుగులనూ ఎలుగులనూ అదిలించడానికి పళియర్లు కాపలాకు దిగేవాళ్లు. అలా దిగిన వాళ్లలో ఒకడు మాడసామి. నాకు మామ.

ఆయన అందగాడేమీ కాదు. నేను పాత ఫొటోలు అడిగాను, లేవన్నారు. పొట్టి మనిషి, గట్టి కాళ్లు, మాట తక్కువ. ఆయనలో ఏం చూశావు అత్తా అని పెళ్లీడు వచ్చాక సిగ్గు విడిచి అడిగాను. మా మనుషులు మాట్లాడుతూ ఆడదాన్ని కిందినుంచి పైదాకా చూస్తారు గదా అంది. ఆ తరువాత కాసేపు తమలపాకు నమిలి, తన మాట తాను చెప్పింది.

“ఆ మనిషి నా మొగము చూడలే. నీళ్లకుండ మోసుకొని వస్తా ఉంటే నా కాలికింద రాయి చూసినాడు. దాన్ని తీసి పక్కన పెట్టేసి పోయినాడు. అంతే దాన్.”

అంతే. మా ఆయన నా కాలికింద ఇప్పటికి ఎన్ని రాళ్లు చూశాడో అడక్కండి.

ఆ తరువాత వెదురుబొంగులో తేనె వచ్చింది. ఆయన దాన్ని తేన్ అన్నాడు. ఈమె తేనె అంది. మీ మాటకు తోక ఒకటి ఎక్కువ అని ఆయన నవ్వాడట. రెండు ఎండాకాలాలు ఇలాగే మాటలు మార్చుకున్నారు. ఈమె ఒక తెలుగు మాట ఇస్తే ఆయన ఒక కొండమాట ఇచ్చేవాడు. దొర, దారం, దూడ అని ఈమె చెబితే తొర, తారం, తూడ అని ఆయన అనేవాడు. తమిళంలో తకూ దకూ ఒకటే అక్షరం. మాట మొదట్లో ద వస్తే ఆయన నాలుక త దగ్గరే ఆగిపోయేది. అత్త నవ్వి నవ్వి పొయ్యి మీది సంగటి మాడ్చేది.

గుట్టు బయటపెట్టింది మనిషి కాదు, కుక్క. తాతకు మన రాజపాళయం జాతి తెల్ల కుక్క ఒకటి ఉండేది. ఎర్రముక్కు, ఇంటివాళ్లను తప్ప గాలిని కూడా దగ్గరికి రానిచ్చేది కాదు. ఒకరోజు పొద్దుగూకే వేళ మాడసామి పాక ముందుకు వస్తే అది అరవలేదు. లేచి వెళ్లి ఆయన పాదాల మీద గడ్డం పెట్టి పడుకుంది. తాత దాన్నీ, కూతురినీ మార్చి మార్చి చూశాడు. మర్నాడే పాక పీకేసి అందరినీ చోళపురం తోలుకొచ్చాడు. ఆ వారంలోనే పక్క ఊరి సంబంధం ఒకటి కుదుర్చుకొచ్చాడు.

తాంబూలాలకు ముందే అత్త వెళ్లిపోయింది. వెళ్లేముందు పొయ్యి మీద అన్నం వార్చి, తమ్ముడి వాటా గిన్నెలో పెట్టి మూసింది. మా నాన్నకు అప్పటికి మీసం కూడా సరిగ్గా రాలేదు. పొలం నుంచి వచ్చి, విషయం తెలియక, ఆ అన్నం కడుపు నిండా తిన్నాడు. అక్క పోయిందన్నదానికన్నా, తెలియక ఆ అన్నం తిన్నానే అన్నది ఆయన్ను ఎక్కువ కాల్చిందట. ఇది ఆయన నాకు ముసలితనంలో చెప్పిన మాట.

తాత కూతురికి నీళ్లొదిలాడు. కుల పెద్దలను వాకిట్లో కూర్చోబెట్టి, వరిగడ్డి పోచ ఒకటి కొడుకు చేతికిచ్చి తెంచమన్నాడు. మా ఇంటి పాత పద్ధతి అది. పోచ తెగితే సంబంధం తెగినట్టు. నాన్న దాన్ని తెంచి రెండు ముక్కలూ పడమటికి, కొండ వైపు విసిరాడు. ఇక ఆ కొండవాడు కంటబడితే వాణ్ణీ ఇలాగే తెంచుతానని అందరి ముందూ అన్నాడు. పెద్దలు మెచ్చుకుని మజ్జిగ తాగి వెళ్లారు. మజ్జిగకు వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఇక కొండ మీద సంగతి. పళియర్లు అత్తను తరమలేదు, తిట్టలేదు. గుడిసె వేసుకోనిచ్చారు. ఏ తీగ కింద గడ్డ ఉంటుందో చూపించారు. కష్టం వేరే చోట నుంచి వచ్చింది. వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. పెద్ద తేనెపట్టులు నిలువు బండ నడుమ ఉంటాయి. తీసేవాడు పైనుంచి తాడు కట్టుకుని వేలాడుతూ దిగాలి. పైన ఆ తాడు పట్టేది అతని పెళ్లాం అన్నో తమ్ముడో అయి ఉండాలి. సొంత అన్నదమ్ముడు పట్టరాదు, స్నేహితుడు పట్టరాదు. ఎందుకలా అని చిన్నప్పుడు నేను అడిగితే మాడసామి మామ తమిళంలో తేలిగ్గా చెప్పాడు. అన్నదమ్ముడికి నా వాటా మీద కన్ను ఉండొచ్చు, స్నేహితుడికి నా పెళ్లాం మీద కన్ను ఉండొచ్చు, ఆమె తోబుట్టువుకు మాత్రం నేను బతికి ఉండడమే కావాలి, అక్క మెడలో తాళి అతని చేతిలో తాడే గదా అన్నాడు.

పెళ్లికి ముందు మామ తన అక్క మొగుడికి తాడు పట్టేవాడు. పెళ్లయ్యాక తాను దిగాలి. దిగడానికి కొండ ఉంది, తేనె ఉంది, పట్టడానికి మనిషి లేడు. పెళ్లాం తమ్ముడు కింద చోళపురంలో గడ్డిపోచ తెంచి కూర్చున్నాడు. తేనె కాలంలో మగవాళ్లంతా బండకు పోతే ఈయన ముసలివాళ్ల పక్కన కూర్చుని మైనం కాచేవాడు. గూడెంలో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఈయనా అనలేదు. కానీ ఆ కాలం రాగానే తీగలు కోసుకొచ్చి, నానబెట్టి, కొత్త తాడు పేనేవాడు. దాన్ని గుడిసె నిట్టాడికి తగిలించేవాడు. కాలం పోయేసరికి అది ఎండి పెళుసైపోయేది. అప్పుడు తీసి ముక్కలు చేసి పొయ్యిలో పెట్టేవాడు.

ఆ పొయ్యి మీద వండుకు తినాల్సింది అత్త. మొదటి ఏడు ఓర్చుకుంది. రెండో ఏడు కూడా తాడు పొయ్యిలోకి వచ్చేసరికి ఆమెకు అన్నం దిగలేదు. నన్ను చేసుకోకపోతే ఈ మనిషికి ఈ గతి పట్టేది కాదు గదా అనుకుంది. తన మొగుడి తాడుకు తన తమ్ముడి చెయ్యి కావాలి. వేరే దారి లేదు. కాబట్టి మూడో ఏడు తీగలు కోసే వేళకు కొండ దిగింది.

చోళపురంలో పట్టపగలు వాకిటి ముందు నిలబడింది. తాత లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. నాన్న ఎద్దులకు నీళ్లు పెడుతున్నాడు. తలెత్తలేదు. వీధిలో ఆడవాళ్లు పనులన్నీ మానేసి గుమ్మాల్లోకి వచ్చారు. అత్త అడిగిన తీరు ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

“తమ్ముడా, సొత్తు అడిగేదానికి రాలే. ఉప్పు కూడా అడగను. ఒక్క తూరి వచ్చి మీ బావకు తాడు పట్టుకో. నువ్వు పట్టుకోకుంటే ఆ మనిషికి కొండ లేదు.”

“ఆ పొద్దే తెంచేసినాను గదా,” అన్నాడు నాన్న ఎద్దుతో చెప్పినట్టు. “వస్తే పట్టుకునేదానికి రాను. కొడవలి తెచ్చి ఆ తాడు తెంచేదానికి వస్తాను.”

“సరి, దానికే రా. ఏదో ఒకటికి రా.”

ఏనాడు, ఏ బండ దగ్గరికి రావాలో చెప్పి వెనుదిరిగింది. ఇంటికి వెళ్లి మొగుడితో, తమ్ముడు వస్తానన్నాడు అని మాత్రం చెప్పింది. మిగిలిన సగం మింగేసింది. ఈ చోటికి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అంత ప్రేమించిన మనిషిని తాడుకు కట్టి, పగబట్టిన వాడి చేతికి ఎలా ఇచ్చావే అని ఒకసారి గట్టిగానే పోట్లాడాను. వాణ్ణి పెంచింది నేను గదా, నువ్వా అంది. పెంచినవాళ్ల ధైర్యం పెంచనివాళ్లకు అర్థం కాదు.

నాన్న ఇంట్లో అయ్యనార్ కోయిల్‌కు పోతున్నానని చెప్పి బయలుదేరాడు. నడుముకు కొడవలి. ఊరికే అన్న మాట కాదు, నిజంగానే తెంచాలనే పోయానని నాతో ఒప్పుకున్నాడు. చీకటి ఉండగా తేనె తీయడం వాళ్ల అలవాటు. కానీ కింది మనిషి కళ్లకు కొండ చీకటి పనికిరాదని ఆ రోజు తూరుపు తెల్లబడే దాకా ఆగారు. గూడెం పెద్ద ఈయన నడుముకున్న కొడవలిని చూశాడు. మంచి పని చేశావు, పొగ వెయ్యడానికి పచ్చి కొమ్మలు కావాలి, నరుకు అన్నాడు. పగ తీర్చుకోవడానికి నూరి తెచ్చిన కొడవలితో మా నాన్న బుద్ధిగా కంప కొట్టాడు.

తాడు ఒక కొస బండ మీది చెట్టుకు కట్టారు. చెట్టు చుట్టూ ఒక మెలిక తిప్పి ఈయన చేతికిచ్చారు. కింది నుంచి పిలుపు వస్తే వదలాలి, పిలుపు లేకుండా వేలెడు కూడా వదలరాదు. చెప్పింది అంతే. మాడసామి మామ రెండో కొస నడుముకు కట్టుకున్నాడు. బావమరిది ముఖంలోకి ఒకసారి చూశాడు. పోయి వస్తానన్నట్టు తల ఊపి అంచు దాటి దిగిపోయాడు. పట్టుకో అనలేదు, జాగ్రత్త అనలేదు. ఆయన ఏదైనా అడిగి ఉంటే నాకు కోపం నిలిచి ఉండేది, అడగలేదు, అక్కడే నా పని చెడింది అని నాన్న అనేవాడు.

చేతికి బరువు తెలిసింది. తన అక్కతో కాపురం చేస్తున్న మనిషి మొత్తం బరువు. పక్కనే కొడవలి. కాస్త ఎడంగా నిప్పు దగ్గర అక్క కూర్చుని ఉంది. తేనెపట్టు ఇంకా కిందికి ఉంది. మామ ఇంకా దిగాలి. మామూలుగా అయితే వాళ్ల కొండమాటలో పిలవాలి. కానీ బావమరిది మొదటిసారి వచ్చాడు, అతని భాషలో పిలిస్తే మర్యాద అనుకున్నాడు ఆ మహానుభావుడు. దించు అనే మాట అత్త నేర్పింది. పొయ్యి మీది కుండ దించు అన్నప్పటి మాట. ఆయన నాలుకకు మాట మొదట ద రాదని చెప్పాను గదా. గాలిలో, తేనెటీగల రొదలో, బండకు కొట్టుకుని ఆ మాట పైకి ఇలా వచ్చింది.

“తెంచు, మచ్చాన్.”

మచ్చాన్ అంటే బావమరిది. తెంచు అంటే తెంచడమే. పళియర్లకు ఆ మాట తెలియదు కాబట్టి ఎందుకు వదలడం లేదా అని చూస్తున్నారు. తెలిసినవాళ్లు ఇద్దరే, అక్కా తమ్ముడూ. మొగుడు తన నోటితోనే తెంచమంటున్నాడు, తెంచుతానని ఒట్టు పెట్టుకున్నవాడి పక్కనే కొడవలి ఉంది. అత్త లేవలేదు, వద్దనలేదు. చేతిలో ఉన్న పచ్చికొమ్మను నిప్పులో పెట్టి, తమ్ముడి చేతుల వైపు చూస్తూ కూర్చుంది. ఆ కొమ్మతో పాటు తన వేలు కూడా కాలిందని ఆమెకు సాయంత్రానికి గానీ తెలియలేదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

కింది నుంచి మళ్లీ అదే పిలుపు. ఈసారి ఈగలు కుడుతున్నాయి కాబోలు, గొంతు పెరిగింది. తెంచు మచ్చాన్, తెంచు. మా నాన్నకు అప్పుడు అర్థమైంది. చచ్చేంత నవ్వు వచ్చిందట. ఏడుపు కూడా వచ్చిందట. మెడ బండ అంచు మీదికి చాచి గట్టిగా కేకేశాడు.

“తెంచు కాదు బావా. దించు. దించు అను బావా.”

కింది నుంచి తించు అని వచ్చింది. కాదు, ద, దించు అని పైనుంచి వెళ్లింది. ఆ మనిషి పాతాళం మీద వేలాడుతూ, చెవుల మీద ఈగలు వాలుతుంటే, తెలుగు పాఠం అప్పజెప్పాడు. సరిగ్గా రాలేదు. చివరికి గురువుగారే సర్దుకుని తాడు వదలడం మొదలుపెట్టాడు. మెల్లగా, చేతి మీద చెయ్యి మార్చుకుంటూ, పట్టు దాకా దించాడు. అప్పుడు గానీ తాను బావా అని పిలిచినట్టు నాన్నకు తట్టలేదు. తట్టేసరికి ఇక చేసేదేముంది. పోచ తెంచిన చేతులే తాడు పట్టుకుని ఉన్నాయి. అత్త నిప్పు దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఏడ్చింది. ఆ రోజు తీసిన తేనె లాంటిది మళ్లీ తినలేదని అంటుంది. నేనైతే అది తేనె గొప్ప కాదంటాను.

నాన్న ముఖం వాచిపోయి ఇంటికి వచ్చాడు. అయ్యనార్ కోయిల్‌లో ప్రసాదం ఈగలతో పెడుతున్నారా అని తాత అడిగాడు. నాన్న వెదురుబొంగు ఒకటి గోడకు ఆనించి పెట్టి పడుకున్నాడు. పొద్దున లేచి చూస్తే బొంగులో సగం ఖాళీ. తాత బతికి ఉన్నంత కాలం కూతురి పేరు ఎత్తలేదు. తేనె కాలం వస్తే మాత్రం, ఏరా ఈసారి కోయిల్‌కు పోవా అని కొడుకును పోరేవాడు. ముక్కుమీది కోపం ముక్కుమీదే పెట్టుకుని, నాలుక పని నాలుక చేసుకునేది.

అప్పటి నుంచి ప్రతి తేనె కాలానికీ నాన్న కొండెక్కాడు. నాకు నడక వచ్చాక నన్నూ తీసుకెళ్లేవాడు. నా చిన్నతనమంతా ఆ పొగ వాసనలోనే ఉంది. ఇప్పటికీ ఎక్కడైనా పచ్చి కంప కాలితే నా కాళ్లు ఆగిపోతాయి. మామ దిగేవాడు. కింది నుంచి తెంచు మచ్చాన్ అనేవాడు. నాన్న దించు అను బావా అని దిద్దేవాడు. అప్పుడే తాడు వదిలేవాడు. ఏళ్లు గడిచినా మామ నాలుక తిరగలేదు, నాన్న దిద్దడం మానలేదు. మా ఇంట్లో అది సామెత అయిపోయింది. పొయ్యి మీది కూర ఉడికితే అమ్మ, కుండ తెంచమంటారా అని అడిగేది. కొత్తగా వచ్చిన చుట్టాలు బెదిరిపోయేవాళ్లు.

నాకు మాత్రం ఒక అనుమానం ఉండేది. దారమూ దూడా పలకని ఆ నోరు, నన్ను పిలిచేటప్పుడు దా పాపా, దా అని చక్కగా పిలిచేది. నన్ను పిలవడానికి తిరిగే నాలుక, బండ మీద ఎందుకు తిరగదు? మొదటిసారి నిజంగా తప్పేనా, లేక అత్త మింగిన సగం మాట ఆయనకు తెలిసే అలా పిలిచాడా? నేరుగా అడిగాను. మామ చెవి గోక్కుని, పొగ ఆరిపోతోంది చూడు అన్నాడు. అత్తను అడిగితే, ఆ మాట ఆయన్నే అడుగు అంది. మొగుడూ పెళ్లాలు ఒకరి గుట్టు ఒకరు అలా కాచుకున్నారు.

తరువాత మోకాళ్లు పట్టేసి మామ దిగడం మానేశాడు. గూడెం కూడా కొండ కిందికి వచ్చింది. సర్కారు ఇళ్లు కట్టింది. అత్త కొడుకు శక్తివేల్ నూలు మిల్లులో పనికి కుదిరాడు. నేను సత్రపట్టి నుంచి బ్యాండేజి గుడ్డ తీసుకెళితే అత్త దాంతో కుర్రవాళ్లు తెచ్చిన తేనె వడకట్టేది. మందుల షాపు గుడ్డలోంచి కొండ కారుతోంది అనేది. మామా నాన్నా ఇంటి ముందు అరుగు మీద కూర్చుని టీ తాగుతూ, పెద్దగా ఏమీ మాట్లాడుకోకుండా పొద్దు గడిపేవాళ్లు. ఆ రోజులు అలాగే ఉండిపోతాయని నేను నిజంగా అనుకున్నాను.

మొన్న చిత్తిరై నెలలో మామ పోయాడు. శక్తివేల్ ఫోన్ చేస్తే నేను చోళపురం వెళ్లి నాన్నను తీసుకుని బయలుదేరాను. నాన్నకు ఇప్పుడు చేతులు వణుకుతాయి. కాఫీ గ్లాసు సగమే పొయ్యాలి, నిండుగా పోస్తే చొక్కా తాగుతుంది. ఆటో కొండ కింది ఆనకట్ట దాకా వెళ్లింది. అక్కడి నుంచి నా భుజం పట్టుకుని నడిచాడు.

పళియర్లు చనిపోయినవాళ్లను పూడుస్తారు. గొయ్యి తోపు దాటి కొండ మొదట్లో తవ్వారు. దేహాన్ని గొయ్యిలోకి దింపడానికి తలవైపు ఒక తీగతాడు, కాళ్లవైపు ఒక తాడు. బతికి ఉండగా తాడు పట్టినవాడే తలవైపు పట్టాలి. నాన్న చేతులు చూసి శక్తివేల్ బావమరిది తాను పడతానని ముందుకొచ్చాడు. నాన్న అతని చేతిలోంచి తాడు తీసుకున్నాడు. పక్కనున్న చెట్టు చుట్టూ ఒక మెలిక తిప్పాడు, పాత అలవాటు.

కాళ్లవైపు వాళ్లు కొద్దిగా దించారు. తలవైపు కదల్లేదు. అందరూ ఆగారు. నాన్న తాడు బిగించి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చేతకావడం లేదేమోనని నేను తాడు అందుకోబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. అప్పుడు నాకు తెలిసింది, నాన్న పిలుపు కోసం చూస్తున్నాడు. ఇన్నేళ్లలో పిలుపు రాకుండా ఆయన ఆ తాడు ఒక్కసారి కూడా వదలలేదు. కింద ఉన్న మనిషి ఇక పిలవడు. నేను గట్టిగా ఏడ్చేశాను.

అత్త ఏడవలేదు. గొయ్యి అంచుకు వచ్చి తమ్ముడి చేతుల వైపు చూసింది. జీవితమంతా ద ను ద లాగే పలికిన మనిషి, మొగుడి నాలుకతో అంది.

“తెంచు, తమ్ముడా.”

నాన్న ఈసారి ఆ మాట దిద్దలేదు. చేతి మీద చెయ్యి మార్చుకుంటూ, మెల్లగా తాడు వదిలాడు.